పత్తి కట్టెతో బొగ్గు చేసి ఫ్యాక్టరీలకి అమ్మితే గుంటూరు చుట్టుపక్కల గిట్టుబాటు అవుద్దా?

పెదనందిపాడు_చిన్నోడు
మాకూ బాబాయి వాళ్ళకీ కలిపి ముప్పై ఎకరాల పత్తి, అందులో సగం కౌలు. ఊరంతా కలిపితే ఐదొందల ఎకరాలు ఉంటది. సంక్రాంతి దాటినాక కట్టె పీకటానికి కూలి ఇస్తాం, పీకింది గట్టున కుప్పేసి తగలెడతాం. డబ్బులిచ్చి మరీ పొగ చేసుకుంటన్నాం.
మొన్న ఒక మెషీన్ల ఏజెంటు వచ్చాడు. ఒక పక్క కట్టె వేస్తే ఇంకో పక్క బొగ్గు వస్తదంట. నూటికి నలభై కిలోలు గ్యారంటీ అంట. రోజుకి పది టన్నుల కట్టె తింటదంట. సరుకంతా వాళ్ళే తిరిగి కొంటారంట, లోను కాగితాలు కూడా వాళ్ళే చూస్తారంట. రేటు నలభై లక్షలు. మా నాన్న వినగానే లేచి వెళ్ళిపోయాడు.
వాళ్ళు కొనకపోయినా పిడుగురాళ్ళలో సున్నం బట్టీలు, ఆటోనగర్‌లో ఫౌండ్రీలు, ఎక్కడ చూసినా బాయిలర్లు ఉన్నాయి గదా, ఎవరో ఒకరు తీసుకోరా? దిగినోళ్ళు ఉంటే చెప్పండి. ధైర్యం చెప్పబాకండి, లెక్క చెప్పండి.

కృష్ణలంక_కిట్టు
లోను కాగితాలు కూడా వాళ్ళే చూస్తారంట అన్న దగ్గర ఆపేశా. మీ నాన్న వెనకాలే నువ్వూ లేచి వెళ్ళిపో.

సత్తెనపల్లి_సాంబయ్య
మిరప కట్టె కూడా తింటదా ఆ మెషీను? మా దగ్గర దానికీ అగ్గిపుల్లే గతి.

బాయిలర్_బాబాయ్
లెక్క అడిగావు కాబట్టి రాస్తున్నా. ముప్పై ఏళ్ళు బాయిలర్ల దగ్గరే గడిచింది.
ఎండిన పత్తి కట్టె కిలోకి సుమారు 4,000 కిలో కేలరీల వేడి ఇస్తుంది. టన్నుకి 40 లక్షల కిలో కేలరీలు. దాన్నే బొగ్గు చేశావనుకో, మంచి రిటార్టులో, అంటే గాలి ఆడని మూసిన బట్టీలో, 280 కిలోలు వస్తుంది. పత్తి కట్టె బొగ్గులో బూడిద ఎక్కువ, కిలోకి 6,000 వేసుకో. మొత్తం 17 లక్షల లోపు. అంటే సగానికి పైగా వేడి పొగలో పోయింది. ఆ పొగని మళ్ళీ పొయ్యిలోకి తిప్పి కట్టె ఆరబెట్టడానికో ఇంకో పనికో వాడుకుంటే తప్ప అది దండగే.
బాయిలర్ వాడికి కావలసింది వేడి. వాడికి నీ కట్టెని ముక్కలు కొట్టి, వత్తి, బ్రికెట్ చేసి ఇస్తే చాలు. వాడి కోసం బొగ్గు చేయడం నీ సొమ్ము నువ్వు తగలేసుకోవడమే. బొగ్గు ఎవరి కోసం చేయాలంటే, కార్బనే కావలసిన వాడికి, లేదా పొగ రాకూడని వాడికి. ముందు అలాంటి వాడిని వెతుక్కో, మెషీను సంగతి తర్వాత.

పెదనందిపాడు_చిన్నోడు
బాబాయ్, ఈ ముక్క ఆ ఏజెంటు ఒక్కసారి కూడా అనలా. కేలరీలు కిలోకి ఆరు వేల పైన అని బోర్డు మీద రాశాడు గానీ టన్నుకి ఎంత పోయిందో రాయలా.

ల్యాబ్_లావణ్య
నలభై శాతం గ్యారంటీ గురించి. నేను విజయవాడలో బొగ్గు, బ్రికెట్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో పని చేస్తాను. 300 డిగ్రీల దగ్గర ఆపేస్తే నలభై కాదు, అంతకన్నా ఎక్కువే వస్తుంది. కానీ అది బొగ్గు కాదు, మాడిన కట్టె. విరిస్తే లోపల గోధుమ రంగు కనిపిస్తుంది, వెలిగిస్తే పొగ వస్తుంది. 450, 500 దాకా తీసుకెళ్తే పొగ పెట్టే పదార్థం చాలా వరకు పోయి కార్బన్ నిలుస్తుంది, అప్పుడు బరువు 30 దగ్గరకి దిగిపోతుంది. మట్టి కప్పి కాల్చే పాత బట్టీలో అయితే 20 కూడా కష్టం. కాబట్టి ఏజెంటుని ఎంత శాతం అని కాదు, ఏ డిగ్రీల దగ్గర ఎంత శాతం, అందులో ఫిక్స్‌డ్ కార్బన్, అంటే నికరంగా నిలిచే కార్బన్, ఎంత అని అడగండి. బొగ్గు పరీక్షకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1350 ప్రకారం చేయించిన రిపోర్టు చూపించమనండి. తేమ, బూడిద, వోలటైల్ (పొగ పెట్టే పదార్థం), ఫిక్స్‌డ్ కార్బన్ నాలుగూ అందులో ఉంటాయి.
ఇంకో మాట. కట్టెలో ఉన్న బూడిద ఎక్కడికీ పోదు. కట్టెలో 5 శాతం ఉంటే, బొగ్గు 28 శాతమే మిగిలితే, బొగ్గులో బూడిద 18 శాతం అవుతుంది. వేళ్ళకి పట్టిన మట్టి దీనికి అదనం.

ప్రత్తిపాడు_నల్లరేగడి
ఆ మట్టి దగ్గరే ఉంది అసలు తంటా. మా నేలలో కట్టె పీకితే వేరుతో పాటు పిడికెడు రేగడి వస్తది. ఎండినాక దులిపితే రాలదు, కొడితే రాలదు. కొడవలితో పైకి కోద్దామంటే మోడు మిగిలిద్ది, దుక్కికి అడ్డం. రైతుకి పీకిన కట్టె కావాలి, బొగ్గోడికి కోసిన కట్టె కావాలి.

సున్నం_శీను
పిడుగురాళ్ళ పేరు వచ్చింది కాబట్టి చెప్తన్నా. మా బట్టీలో ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు పోస్తాం. రాయి కాలాలంటే 900 డిగ్రీలు కావాలి, కింద నుంచి పై దాకా గాలి ఆడాలి. ఎక్కువ వాడేది రాక్షసి బొగ్గే. పత్తి కట్టె బొగ్గు ఒకతను శాంపిల్ తెస్తే కలిపి చూశాం. వేలెడంత లావు లేని పుల్లలు, రాయి బరువుకి పొడి అయిపోయి గాలి సందులు మూసేసినయ్. పైన రాయి పచ్చిగా దిగింది. గంజి కలిపి వత్తిన ముద్దలు తెచ్చాడు ఇంకోసారి, అవీ నలిగినయ్. మాకు కావలసింది గట్టి గడ్డ. సర్కారు తుమ్మ బొగ్గు అయితే నిలబడిద్ది, పత్తి నిలబడదు.

ఆటోనగర్_అచ్చులు
ఫౌండ్రీ సంగతీ అంతే. ఇనుము కరిగించే నిలువు కొలిమి, కుపోలాలో హార్డ్ కోక్ (రాతిబొగ్గుతో చేసిన గట్టి గడ్డ) వాడతాం, ఇనుము బరువు మోయాలి కదా అది. కరెంటు ఫర్నేసు వాళ్ళు కరిగిన ఇనుములో కార్బన్ పెంచడానికి పొడి వేస్తారు, కానీ వాళ్ళకి 95 పైన కార్బన్ ఉండాలి. బూడిద 18 ఉన్న సరుకు తెస్తే గేటు దగ్గరే టీ తాగించి పంపిస్తారు.

కృష్ణలంక_కిట్టు
టీ తాగిస్తారా? మంచోళ్ళే.

నందిగామ_మాష్టారు
తిరిగి కొనే ఒప్పందం గురించి. మా బావమరిది బ్రికెట్ మెషీను ఇలాంటి హామీ మీదే కొన్నాడు. కంపెనీ పేరు వద్దులెండి. మొదట్లో లోడ్లు తీసుకున్నారు, డబ్బులు కూడా వేశారు. తర్వాత ఒక లోడు తేమ ఎక్కువని వెనక్కి పంపారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఒప్పందం తీసి చూస్తే "కంపెనీ నిర్ణయించిన నాణ్యతకు లోబడి" అని ఒక్క లైను. ఆ నాణ్యత ఏమిటో ఎక్కడా అంకె లేదు. చిన్నోడూ, నువ్వు ఆ కాగితం అడిగి తీసుకో. తేమ ఇంత, బూడిద ఇంత, పరీక్ష ఎవరు చేస్తారు, ఒప్పుకోకపోతే లారీ బాడుగ ఎవరిది. ఈ నాలుగు రాసి ఇవ్వమను. రాయడు.

బాయిలర్_బాబాయ్
మాష్టారు చెప్పింది నిజం. దానికి తోడు ఇంకో లెక్క. ఊళ్ళో 500 ఎకరాలు. ఎకరాకి ఎండు కట్టె ఒక టన్ను వేసుకున్నా 500 టన్నులు. మెషీను రోజుకి పది టన్నులు తింటుంది. యాభై రోజుల్లో మొత్తం అయిపోయింది. మిగతా పది నెలలు మెషీను ఏం తింటుంది?
వచ్చిన బొగ్గు 140 టన్నులు. నలభై లక్షలకి 11 శాతం వడ్డీ అంటే ఏడాదికి 4 లక్షల 40 వేలు. టన్ను బొగ్గు మీద మూడు వేల పైన వడ్డీ ఒక్కటే. కూలి, కరెంటు, డీజిల్ ఇంకా మొదలే కాలేదు.

పెదనందిపాడు_చిన్నోడు
కట్టె కొని నిల్వ పెట్టుకుంటే? పక్క ఊళ్ళ నుంచి కూడా తెచ్చుకోవచ్చు గదా.

లారీ_రమణ
పది టన్నుల లారీకి విడి కట్టె ఎంత ఎక్కిద్దో తెలుసా తమ్ముడూ? రెండు, మూడు టన్నులు. మిగతాదంతా గాలి. కంప తగిలి కరెంటు తీగలు, పక్కనోడి అద్దాలు, అన్నీ నా బాధ్యతే. బాడుగ మాత్రం నిండు లారీదే. పొలం దగ్గర ముక్కలు కొట్టి ఇస్తే వస్తా, లేకపోతే నన్ను పిలవమాక.

ప్రత్తిపాడు_నల్లరేగడి
నిల్వ పెడితే చెద ఒకటి. అంతకన్నా గులాబీ పురుగు. కట్టెకి మిగిలిన విచ్చుకోని కాయల్లో దాక్కుని కూర్చుంటది. పొలం పక్క కుప్ప అట్టాగే ఉంచితే తొలకరికి రెక్కల పురుగై బయటికి వచ్చి కొత్త పైరు మీద పడతది. పంట తీసిన వెంటనే కట్టె లేకుండా చెయ్యమని వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పేది అందుకే. ఈ బొగ్గు పనిలో నాకు నచ్చిందల్లా అదే, పురుగు కూడా కాలిపోద్ది. మార్చి లోపు కాల్చగలిగితేనే సుమా.

నేలతల్లి
ఇంత చర్చలో ఒక్కరు కూడా భూమి గురించి మాట్లాడలేదు. కట్టెలో ఉన్న పొటాషు, కార్బను మన పొలంవి. వాటిని లారీ ఎక్కించి ఎవరి పొయ్యిలోకో పంపడం ఎందుకు? బయోచార్, అంటే పొలానికి వేసే బొగ్గు చేసి, పేడ నీళ్ళలో నానబెట్టి, పొలానికే వేయండి. హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) వాళ్ళు డ్రమ్ముతో చేసే చిన్న బట్టీ ఎప్పుడో చూపించారు, పత్తి, కంది లాంటి కట్టెల కోసం. నలభై లక్షలు అక్కర్లేదు.

పెదనందిపాడు_చిన్నోడు
వేద్దాం అండీ, కానీ సగం భూమి కౌలుది. బొగ్గు వందేళ్ళు భూమిలో ఉంటది, నా కౌలు ఉండేది ఒక్క ఏడాది. వచ్చే ఏడు ఓనరు గారు "భూమి బాగుపడింది" అని కౌలు పెంచుతాడు.

సత్తెనపల్లి_సాంబయ్య
అబ్బా, దెబ్బ.

ల్యాబ్_లావణ్య
నేలతల్లి గారూ, చిన్న అభ్యంతరం. బయోచార్‌కి క్షారగుణం ఉంటుంది. పులుపు నేలల్లో బాగా పని చేస్తుంది. గుంటూరు నల్లరేగడి చాలా చోట్ల ఇప్పటికే పీహెచ్ 8 పైన. అక్కడ ఎర్ర నేలల్లో వచ్చినంత ఫలితం రాకపోవచ్చు. వేయొద్దనడం లేదు, ముందు మట్టి పరీక్ష చేయించమంటున్నాను.

నేలతల్లి
పేడతో నానబెట్టి కొద్దిగా వేస్తే పీహెచ్ అంత మారదు. మా ఫిరంగిపురం దగ్గర వేసిన మడిలో తేమ నిలవడం నేను చూశాను. ల్యాబ్ వేరు, మడి వేరు.

ల్యాబ్_లావణ్య
తేమ సంగతి ఒప్పుకుంటాను. పీహెచ్ సంగతి మట్టి తెచ్చి ఇస్తే కొలిచి చెప్తాను, ఫీజు లేకుండా.

కొల్లిపర_కోటి
పత్తే ఎందుకు పట్టుకున్నారు? మా తెనాలి వైపు వరి కోసినాక దున్నకుండా మొక్కజొన్న వేస్తాం. ఏప్రిల్, మేలో గింజ ఒలిచే చోట బెండ్లు కొండలా పడతయ్. పీకే పని లేదు, మట్టి అంటదు, ఒక్కచోటే ఉంటయ్. ఇటుక బట్టీల వాళ్ళు పట్టుకుపోతారు గానీ మిగిలేదే ఎక్కువ.

ల్యాబ్_లావణ్య
బెండ్లు మంచి సరుకు. బూడిద రెండు శాతం లోపే ఉంటుంది, బొగ్గు చేశాక ఆరేడుకి మించదు. ఊక మాత్రం ఎవరూ బొగ్గు చేద్దామనుకోవద్దు. దాంట్లో బూడిద 15 నుంచి 20 శాతం, బొగ్గు చేస్తే సగం బూడిదే, అదీ సిలికా.

గన్నవరం_రైస్‌మిల్
ఊక మాకే చాలదు, మా బాయిలర్లే తింటాయి. బూడిద కూడా ఊరికే పోదు, స్టీల్ ప్లాంట్లలో కరిగిన ఉక్కు మీద వేడి పోకుండా కప్పడానికి వాడతారు. మా సరుకు జోలికి రాకండి.

పెదనందిపాడు_చిన్నోడు
సరే, పత్తికి బెండ్లు కలిపితే సీజను జనవరి నుంచి మే దాకా సాగుద్ది. కొనేవాడు ఎవడన్నది తేలలా. ఇబ్రహీంపట్నం థర్మల్ వాళ్ళు? కరెంటు ప్లాంట్లలో బయోమాస్ కలపాలని రూలు ఉంది గదా.

బాయిలర్_బాబాయ్
ఉంది. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ తెచ్చిన విధానం, 2023లో సవరించారు. రాతిబొగ్గుతో పాటు 2024-25 నుంచి 5 శాతం, 2025-26 నుంచి 7 శాతం బయోమాస్ గుళికలు కాల్చాలని ఆ సవరణలో పెట్టారు; ఇప్పటి శాతం ఎంతో చూసుకోవాలి. గమనించు, గుళికలు. నీ బొగ్గు కాదు. వాళ్ళ మిల్లులు రాతిబొగ్గుని పిండి చేసే మిల్లులు. పచ్చి కట్టె గుళిక వాటిలో నారలా సాగుతుంది కాబట్టి 250, 300 డిగ్రీల దగ్గర వేయించిన గుళిక అయితే బాగా నలుగుతుంది. వేయిస్తే బరువు 70 శాతం మిగులుతుంది, వేడి 90 శాతం దాకా ఉంటుంది. నేను ముందు చెప్పిన నష్టం ఇక్కడ లేదు. అయితే అది టెండర్ల వ్యవహారం. నీ ఒక్కడి వల్ల కాదు, పది ఊళ్ళ రైతులు ఉత్పత్తిదారుల కంపెనీగా ఏర్పడితే ఆలోచించాలి.

ఆటోనగర్_అచ్చులు
బాబాయ్, గడ్డీ గాదం కాలిస్తే పొటాషు, క్లోరిన్ వల్ల బాయిలర్ ట్యూబులకి పొర కడుతుందని అంటారు కదా?

బాయిలర్_బాబాయ్
కడుతుంది. వరిగడ్డితో ఎక్కువ, కట్టెతో తక్కువ. ఐదూ ఏడు శాతం కలిపితే భరిస్తుంది. నూటికి నూరు గడ్డే వేస్తే ట్యూబు గీకే వాడికి చేతినిండా పని.

వన్‌టౌన్_అగరొత్తులు
ఇంతసేపు చదువుతున్నా, మా పేరు ఎవరూ ఎత్తలేదు. అగరొత్తికి ముడి పదార్థమే బొగ్గు పొడి, జిగట్ (అంటుకోవడానికి కలిపే బెరడు పొడి), రంపపు పొట్టు. కప్పు సాంబ్రాణిలోనూ బొగ్గు పొడే. మాకు గడ్డ అక్కర్లేదు, గట్టిదనం అక్కర్లేదు, మీరు "నలిగిపోయింది" అన్నదే మాకు సుఖం, గ్రైండింగు ఖర్చు తగ్గుతుంది. కావలసింది రెండే. వోలటైల్ తక్కువ ఉండాలి, లేకపోతే మల్లెపూల వాసన మధ్యలో కట్టెల పొయ్యి వాసన వస్తుంది. ఇసుక, మట్టి ఉండకూడదు, ఉంటే ఒత్తి మధ్యలో ఆరిపోతుంది, మెషీను డై అరిగిపోతుంది. బయటి నుంచి తెప్పించుకుంటున్నాం, దగ్గర్లో దొరికితే ఎందుకు తీసుకోం? కానీ వందల టన్నులు అడగకండి. నెలకి కొద్ది టన్నులు, సరుకు ఒకే తీరుగా ఉండాలి.

కృష్ణలంక_కిట్టు
సాంబయ్యన్న మిరప కట్టె బొగ్గుతో అగరొత్తి చేస్తే దేవుడు కూడా దగ్గుతాడు.

సత్తెనపల్లి_సాంబయ్య
దిష్టి తీయటానికి అమ్ముకుంటాం లేరా.

ల్యాబ్_లావణ్య
ఘాటు కాయలో ఉంటుంది, కట్టెలో కాదు. మిరప కట్టెతో నా అనుమానం పురుగు మందులు. కాల్చేటప్పుడు దగ్గర ఉండే వాళ్ళు జాగ్రత్త.

పెదనందిపాడు_చిన్నోడు
వన్‌టౌన్ గారూ, మీరు ఎక్కడున్నారో మెసేజ్ పెట్టండి. మెషీను లేకుండా చేసే దారి ఏంది? డ్రమ్ము అయితే ఎంత బొగ్గు పడుద్ది?

నేలతల్లి
200 లీటర్ల డ్రమ్ముకి ముక్కలు కొట్టిన పత్తి కట్టె వేస్తే ఐదారు కిలోల బొగ్గు. నేర్చుకోవడానికి బాగుంటుంది, అమ్ముకోవడానికి చాలదు. గొయ్యి పద్ధతి చూడండి. కింద సన్నంగా, పైన వెడల్పుగా ఏటవాలు గొయ్యి తీసి, అడుగున మంట పెట్టి, పొర పొరగా కట్టె వేస్తూ పోవాలి. పైన మంట ఆడుతున్నంత సేపు కింద పొరకి గాలి అందదు, బొగ్గు నిలుస్తుంది. పై పొర మీద తెల్లగా బూడిద కమ్మడం మొదలవగానే ఇంకో పొర. చివర్లో నీళ్ళు కొట్టి ఆర్పాలి. పొగ కూడా తక్కువే, మంటలోనే కాలిపోతుంది.

వన్‌టౌన్_అగరొత్తులు
గొయ్యి అంటే మట్టి కలవదా? రేకు తొట్టి చేయించండి.

ఆటోనగర్_అచ్చులు
రేకు తొట్టి నేను వంచి ఇస్తా. 3 ఎంఎం రేకు, లాగటానికి కొక్కేలు, అడుగున నీళ్ళు పోయేందుకు మూత. పొలం పొలం తిప్పుకోవచ్చు, కట్టె మోసే బదులు తొట్టినే మోయండి.

లారీ_రమణ
బొగ్గు మాత్రం ఎన్నిసార్లన్నా మోస్తా, బస్తాల్లో నిండుగా ఎక్కిద్ది. రెండు షరతులు. ఒకటి, నిన్న చేసిన సరుకు ఇవాళ ఎక్కించొద్దు. పైకి చల్లగానే ఉంటది, లోపల గాలి పీల్చి మళ్ళీ రాజుకుంటది. పట్టా కప్పిన లోడు పొగ వస్తే హైవే మీద నేనేం చేయాలి? రెండు, కాగితాలు. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం కట్టె బొగ్గు అటవీ ఉత్పత్తి. చూడటానికి పత్తి బొగ్గైనా తుమ్మ బొగ్గైనా అంతా నలుపే, చెక్‌పోస్టులో నిరూపించుకోవాల్సింది మనమే. ముందుగా ఫారెస్టు రేంజి ఆఫీసులో అడిగి, పర్మిట్ అవసరమైతే తీసుకుని రండి.

నందిగామ_మాష్టారు
పొలంలో చిన్నగా చేస్తే సరే, షెడ్డు వేసి యూనిట్ పెడితే కాలుష్య నియంత్రణ మండలి నుంచి సీఎఫ్ఈ (యూనిట్ పెట్టడానికి అనుమతి), సీఎఫ్ఓ (నడపడానికి అనుమతి) రెండూ చూసుకోవాలి. ఊరికి గాలి వాటు ఎటో కూడా చూడండి. అనుమతి ఉన్నా పక్కింటాయన ఫిర్యాదు ఆగదు.

పెదనందిపాడు_చిన్నోడు
ఏజెంటుకి ఫోన్ చేసి మాష్టారు చెప్పిన నాలుగూ రాసి ఇమ్మన్నా. "సార్ ముందు అడ్వాన్సు వేయండి, కాగితం ఆఫీసు నుంచి వస్తది" అన్నాడు. అదీ సంగతి.
ఈ ఏడు మా సొంత భూమిలో కట్టె వరకే. పీకకుండా రెండు ఎకరాలు కోయిస్తా, మోళ్ళు రోటవేటర్‌తో తొక్కిస్తా. కోసిన దానికీ పీకిన దానికీ బూడిదలో తేడా ఎంతో చూద్దాం. అచ్చులు అన్నా, తొట్టి ఎంతవుద్దో చెప్పు. కోటి, మేలో బెండ్లకి వస్తా, ఇటుక బట్టీ వాళ్ళకి అన్నీ ఇచ్చేయమాక.

కొల్లిపర_కోటి
బెండ్లు ఊరికే, ట్రాక్టరు నీది. అట్టాగే వచ్చేటప్పుడు గోతాలు తెచ్చుకో.

బాయిలర్_బాబాయ్
కోయించేది మంచి ఎండ పట్టాక కోయించు. పీకిన రోజు కట్టెలో సగం దాకా నీళ్ళే. 15 శాతం లోపు దిగకుండా కాలిస్తే తెల్ల పొగ తప్ప ఏమీ రాదు.

ల్యాబ్_లావణ్య
శాంపిల్ రెండూ వేరు వేరుగా పంపండి, కోసింది, పీకింది. పైపై ముక్కలు ఏరొద్దు, కుప్ప పైన, మధ్యన, అడుగున తీసి కలిపి రెండు కిలోలు చాలు. నీళ్ళు కొట్టి ఆర్పిన బొగ్గు అయితే ఎండబెట్టి, ఒక రోజు ఆరుబయట వదిలేసి, ఆ తర్వాతే కవర్లో గట్టిగా కట్టండి. వేడి సరుకు బస్సు పార్సిల్‌లో వేయకండి.

పెదనందిపాడు_చిన్నోడు
సరే అక్కా. కోతకి మనుషులు దొరికితే వచ్చే వారమే మొదలు.